గుంట మీద పరచిన తివాచీ

గుడియాత్తం,
బుధవారం.

చిరంజీవి ధనశేఖర్‌కు మీ బావ ఆశీస్సులు.

రాత్రి బడిలో చదివి పట్టా పుచ్చుకున్న నాటి నుండి నా పనులు నేనే చక్కబెట్టుకున్నాను. ఈ ఒక్కటి మాత్రం నా వల్ల కావడం లేదు.

మీ అక్క వేలూరు ఆసుపత్రిలో ఉండగా, ఆమె వైద్యం కోసం ఇల్లు అమ్మకానికి పెట్టాను. ఆమెకు చెప్పలేదు. ప్రకటనకు ఫోటోలు తీయడానికి వచ్చిన కలైయరసి అనే అమ్మాయి, మగ్గం కనిపిస్తే కొనేవారు రారన్నది. ఆమె మాట విని మగ్గం విప్పి పెరట్లో పెట్టాను. మీ అక్క కాళ్లు దించి కూర్చొని నేసే మగ్గం గుంటను కలైయరసి మనుషులు పలకలతో మూసి, తివాచీ పరచి, దాని మీద అద్దెకు తెచ్చిన భోజనాల బల్ల వేశారు. కిటికీలకు తెల్లని తెరలు కట్టారు.

నిన్న ఆసుపత్రిలో మీ అక్క నా ఫోనులో ఆ ఫోటోలు చూసింది. తన ఇంటినే గుర్తుపట్టలేదు. నేను వేలూరులో కొత్త ఇల్లు వెతుకుతున్నాననుకున్నది.

"బల్ల మీద తినేదానికి మనమేమన్నా కలెక్టర్లమా?" అని నవ్వింది. మూడు నెలల తరువాత నవ్వింది. "ఇల్లు బాగుండాది గానీ మనకొద్దప్పా. నా మగ్గం యాడ పెట్టేది?"

ఆమె కుడికాలు ఇక మగ్గం తొక్కడానికి పనికిరాదని డాక్టరు గారు నాతో చెప్పి పది రోజులైనది. అదీ ఆమెకు చెప్పలేదు.

ఆదివారం నీవు తిరుపత్తూరు నుండి వచ్చి ఈ రెండు సంగతులూ ఆమెకు చెప్పవలెను. నేను పక్కనే నిలబడతాను. నిన్న చెబుదామనే నోరు తెరిచాను.

"సరే, ఇంకో ఇల్లు చూద్దాం" అన్నాను.

మీ బావ