మొండిచెవి గది ముందు వేయాల్సిన పీట

మొండిచెవి గదికి 'కరిచే కుక్క' అని అట్ట తగిలించింది మా షెల్టరు మేనేజరు. దాన్ని కరిచేట్టు చేసిందీ ఆయనే. కుక్కల్ని పెంచుకోవడానికి తీసుకెళ్లే జనం వచ్చే వేళకు అవి హుషారుగా లేచి నిలబడాలని, రోజూ ఇనుపరాడ్డుతో కమ్మీల మీద టంగుటంగున వాయిస్తాడు. వాటికి ఇళ్లు దొరకాలనే ఆయన తాపత్రయం. ఆ చప్పుడుకు వణికీ వణికీ మొండిచెవి ఒకరోజు రాడ్డు పట్టిన చేతినే కరిచి పట్టుకుంది. రేపు పొద్దున పదింటికి పశువైద్యుడు వస్తాడు. మనుషుల్ని చూసి అది కమ్మీల మీదికి దూకితే ఇంజెక్షను. దూకకపోతే బతుకు. ఆ వేళకు నేను ఆపరేషను బల్ల మీద ఉంటాను.

కాబట్టి, షెల్టరులో అందరూ కరపత్రం అని పిలిచే నేను, గుండెలో కవాటం పాడైందే తప్ప బుర్ర పాడవలేదని తెలియజేసుకుంటూ, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఆస్పత్రి మంచం మీద కూర్చుని రాస్తున్న వీలునామా ఇది. డాక్టరమ్మ భయం లేదంటోంది. పక్క మంచం టైలరు తాతేమో "వీలునామాకి వయసైనా ఉండాలి, ఆస్తైనా ఉండాలి. నీకేముందిరా అబ్బీ?" అంటున్నాడు. ఓపికుంటే వాదించేవాణ్ణి. లేదు. దీన్ని అమలుపరిచే బాధ్యత మా అక్కది.

1. అమ్మకు, నా ఉన్ని దుప్పటి. "కుక్కవాసన ఇంట్లోకి తెచ్చావంటే కాళ్లు విరగ్గొడతా" అంటూనే నా షెల్టరు బట్టలు విడిగా నానబెట్టి ఉతికింది. ఇక ఏదీ ఉతకొద్దు. కప్పుకుంటే చాలు.

2. బావకు, నా కరపత్రాల పెట్టె, దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో. "మనుషులకే దిక్కులేదు, కుక్కలకి పాఠాలా బామ్మర్దీ?" అని అందరి ముందూ నవ్విన నోరు ఆయనది. పొట్లాలు కట్టుకోవచ్చు. కట్టేముందు ఒక్కటి చదివితే నా పగ తీరినట్టే. దెబ్బలు నేర్పేది భయమే గాని బుద్ధి కాదని అందులో ఉంది. రాసింది కుక్కల గురించే అయినా, బావ తన కొడుకు విషయంలోనూ వాడుకోవచ్చు.

3. అక్కకు, నా సైకిలు. ముందు బ్రేకు పట్టదు, జాగ్రత్త. రేపు దానిమీదే వెళ్లు.

4. మొండిచెవి చట్టప్రకారం నాది కాదు, ఎవరికీ రాసివ్వలేను. దాని దగ్గర నేర్చుకున్నది మాత్రం నా స్వార్జితం. అది కావాలన్న ప్రతివాళ్లకూ చెందుతుంది. పీట వేసుకుని, దానివైపు వీపు పెట్టి కూర్చోవాలి. తిరిగి చూడకూడదు, పిలవకూడదు. భుజం మీదుగా మాంసం ముక్క వెనక్కి వేసి ఊరుకోవాలి. దగ్గరికి రావాలో వద్దో అదే తేల్చుకుంటుంది. మొదట్లో మూలనుంచి గుర్రుమనేది. నేను ఆస్పత్రికి వచ్చే ముందు, కమ్మీల సందులోంచి నా మెడ వెనక దాని ఊపిరి తగిలింది. వెచ్చగా. నేను కదల్లేదు. అంతకు మించిన ఆస్తి నాకు లేదు.

5. మేనేజరుకు, ఆ పీట. ఆయన్ని అన్న మాటల్లో ఒక్కటీ వెనక్కి తీసుకోను. కానీ కోపానికీ ఊపిరి కావాలి, నా దగ్గర మిగిలింది కాస్తే. జోరువానలో తాను తడుస్తూ కుక్కల గదులకు టార్పాలిన్ పట్టాలు కట్టేదీ ఆయనే. ఒట్టి దుర్మార్గుడైతే నేనింత అలిసిపోయేవాణ్ణి కాదు. రాడ్డు అవతల పారేసి ఆయన ఆ పీట మీద కూర్చోవాలి. కరిపించుకున్న చేత్తోనే ముక్క వేయాలి.

వీలునామా మనిషి పోయాక అమల్లోకి వస్తుందంటారు. అప్పటిదాకా మొండిచెవికి గడువు లేదు. అందుచేత ఇది రేపే అమలు కావాలి. అక్కా, బావా, షెల్టరు ఊడ్చే పెద్దమ్మా, వీలైనవాళ్లంతా పొద్దున తొమ్మిదిన్నరకు, వైద్యుడి కంటే ముందే, మొండిచెవి గది ముందుకు చేరండి. నినాదాలు వద్దు. నేను రాసిపెట్టిన అట్టలు ఇంట్లోనే ఉండనివ్వండి. వరసగా, దానివైపు వీపులు పెట్టి, నేలమీద కూర్చోండి. పీట మేనేజరుకు వదలండి.

తేదీ: ఆగస్టు పదకొండు, సాయంత్రం.

సంతకం: కరపత్రం (అమ్మకు చంటి)

సాక్షులు:
పక్క మంచం టైలరు. (నాకూ ఓ కుక్క ఉండేది. సంతకం అందుకే.)
వార్డు నర్సు. (ఇక పెన్ను ఇచ్చేసి పడుకోవాలి.)