సగటును అర డిగ్రీ కిందికి లాగినవాడి వీలునామా

ఊళ్లో అందరూ పాదరసం అని పిలిచే నేను, వయస్సు యాభై ఏడు, వాతావరణ శాఖవారు థర్మామీటర్లు పెట్టిన తెల్లపెట్టె దగ్గర ఇరవై ఏడేళ్లుగా పార్ట్‌టైం పరిశీలకుణ్ణి, ఏడో తరగతితో చదువుకు నమస్కారం పెట్టినవాణ్ణి, ఇందుమూలంగా రాసి ఉంచుతున్నది ఏమనగా: నా కిడ్నీలు రెండూ మొరాయించాయి గానీ బుద్ధి తిన్నగానే ఉంది. అది ఎన్నడూ తిన్నగా లేదని మా వదిన అంటుంది. ఆమె మాటకు డాక్టరు సర్టిఫికెట్ లేదు. ఎవరి బలవంతమూ, ప్రోద్బలమూ లేవు. మందుల మత్తు కూడా లేకుండా పొద్దుటి మాత్రలు కావాలనే మానేశాను. ఇంతకు ముందు నేను రాసిన వీలునామాలు మూడు ఉన్నాయి. మూడూ బావమరిదిని హడలగొట్టడానికి రాసినవి. అవి రద్దు.

ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత మందుల షాపాయనది. చిన్నప్పటి నుంచీ నన్ను భరించాడు, ఇంకొన్నాళ్లు భరించగలడు.

1. నేనుంటున్న రెండు గదుల ఇల్లు, వంటిల్లు, లోపలి సమస్త సామానుతో సహా నా భార్యకు సర్వహక్కులతో చెందవలసినది. నాకు జ్వరమొచ్చిన రోజుల్లో ఉదయం ఎనిమిదిన్నరకు ఠంచనుగా వెళ్లి థర్మామీటర్లు చూసి వచ్చింది ఆమె. గాలిలో తేమ కొలిచే తడి థర్మామీటరు బుడ్డికి చుట్టే మెత్తటి గుడ్డలన్నీ ఆమె తన పాత నూలుబట్టల్లోంచి కత్తిరించినవే. శాఖవారు పంపే గుడ్డ నీళ్లు పీల్చేది కాదు. ఈ సంగతి ఏ రిజిస్టరులోనూ లేదు గనక ఇక్కడ రాస్తున్నాను.

2. ఇంటి వెనక ఖాళీ జాగాలోని తెల్లపెట్టె నాది కాదు, సర్కారుది. దాని చుట్టూ ఉన్న గడ్డి మాత్రం నాది. ఆ గడ్డి మీద సిమెంటు పొయ్యరాదు. పోస్తే నేల వేడెక్కి పెట్టెలో అంకె అబద్ధమాడుతుంది. కారు నిలుపుకోవడానికి ఆ జాగా కావాలని మా అన్న తొమ్మిదేళ్లుగా అడుగుతున్నాడు. తొమ్మిదేళ్లుగా నేను చెబుతున్న జవాబే చచ్చాక కూడా చెబుతున్నాను.

3. సదరు అన్నకు మా నాన్న చేతిగడియారం. నాన్న దాన్ని కావాలనే నాలుగు నిమిషాలు ముందు పెట్టుకునేవాడు, పెట్టె దగ్గరికి ఒక్క రోజు కూడా ఆలస్యం కాకూడదని. నాన్న తర్వాత ఈ ఉద్యోగం ముందు అన్నకే ఇస్తామన్నారు. "గాజుగొట్టం చూస్తూ బతకమంటావా నాన్నా?" అన్నాడు. ఆదివారం కూడా సెలవు లేని పని చిన్నోడి నెత్తిన పడింది. గడియారం సరిచేయించకుండా పెట్టుకోవాలని షరతు.

4. మంగలిషాపు ఆయనకు "ఈ రోజు సెలవు" అన్న బోర్డు. పదకొండేళ్ల కింద అది మాయం చేసింది నేనే. ఆయనకు గిరాకీ ఎక్కువున్న రోజుల్లో తలుపుకు తగిలించి, ఎదురుగా టీ తాగుతూ కూర్చునేవాణ్ణి. ఇప్పుడు టీ తాగనివ్వడం లేదు, నవ్వితే నడుము నొప్పి. తీసేసుకొమ్మనండి.

5. ఇక అసలు సంగతి. ఇనపపెట్టెలో యాభై ఐదు నోటుపుస్తకాలున్నాయి. ఇరవై ఎనిమిది నాన్నవి, ఇరవై ఏడు నావి. రోజుకు రెండుసార్లు చూసిన అంకెలు. నెలనెలా నకలు తీసి పై ఆఫీసుకు పంపి, అసలు ఇంట్లో ఉంచుకునేవాళ్లం. ఒక్క రోజు ఎండను చూసి ఎవరూ ఏమీ తేల్చలేరు. పుట్టినప్పుడు వేడి ఎంత, ఇప్పుడెంత అని అడిగితే ముసలాళ్లు తలో మాటా చెబుతారు. పుస్తకం ఒక్క మాటే చెబుతుంది: నాన్న మొదలుపెట్టిన ఏడాది సగటు ఇరవై ఆరు పాయింటు ఒకటి, నిరుటి సగటు ఇరవై ఏడు పాయింటు నాలుగు.

పదిహేడేళ్ల కింద పై ఆఫీసరు ఒక ఉత్తరం రాశాడు. "మీ తండ్రిగారి అంకెలు పద్ధతిగా ఉండేవి. మీవి ఏటికేడు ఎక్కువగా వస్తున్నాయి. అజాగ్రత్త మానుకొని సరిగా చూసి రాయవలెను." నేను సరిగానే చూశాను. వేడే పెరిగింది. ఆ ఉత్తరం చదివి నాకు ఒళ్లు మండింది, చేతులు దురద పెట్టాయి. ఆ వేసవి నాలుగు నెలలూ నాన్న మొట్టమొదటి పుస్తకం తెరిచి, తేదీకి తేదీ, పాయింటుకు పాయింటు, ముప్పై ఎనిమిదేళ్ల కిందటి అంకెలు నకలు తీసి పంపాను. వాళ్లు పట్టుకుంటే మొహం మీద నవ్వుదామని. అక్టోబరులో జవాబొచ్చింది: "పనిలో మెరుగుదల కనిపించినది. అభినందనలు." దాన్ని పటం కట్టించి గోడకు తగిలించాను. సదరు పటం సదరు ఆఫీసరు ఎక్కడున్నా వెతికి ఇవ్వవలసినది.

నాలుగు నెలల అబద్ధం ఆ ఏడాది సగటును అర డిగ్రీ కిందికి లాగింది. ఎవడికి నష్టం అనుకున్నాను.

నా చెల్లెలు బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ హాలులో పనిచేస్తుంది. పైన రేకులు, కింద ఆవిరి, మధ్యలో అరవై మంది ఆడవాళ్లు. నిరుడు మేలో మూడో బల్ల దగ్గరావిడ చేతిలో ఇస్త్రీపెట్టెతోనే పడిపోయింది, మళ్లీ లేవలేదు. వేసవిలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పని ఆపాలనీ, రేకులు తీసేసి చల్లటి కప్పు వెయ్యాలనీ చెల్లెలు అందరిచేతా సంతకాలు పెట్టించి కార్మిక అధికారి దగ్గర కేసు వేసింది. పోయిన విచారణలో ఫ్యాక్టరీ ఇంజనీరు మా పెట్టె అంకెలతోనే ఒక గీతల బొమ్మ గీసి పెట్టాడట. "మొదటి ఏడాది వేసవి, పదిహేడేళ్ల కిందటి వేసవి చూడండి. పాయింటు కూడా తేడా లేదు. వేడి వస్తుంది, పోతుంది. శాశ్వతంగా పెరిగిందేమీ లేదు" అన్నాడట. పాయింటు కూడా తేడా లేకపోతే మనిషన్నవాడికి అనుమానం రావాలి. ఆయనకు రుజువులా కనిపించింది.

చెల్లెలు ఇంటికొచ్చి నా మంచం పక్కన కూర్చుని, "ఆ ఒక్క ఏడాది మా కొంప ముంచింది అన్నయ్యా. ఆ ఏడు అంత చల్లగా ఉందా? నాకు గుర్తే లేదే" అంది. నేను గోడకేసి తిరిగి పడుకున్నాను.

అసలు పుస్తకం ఉంది. అబద్ధం పంపిన ఆ నాలుగు నెలలూ కూడా రోజూ వెళ్లి నిజం అంకెలు చూసి ఇంటి పుస్తకంలో రాసుకున్నాను. అలవాటు కాళ్లను లాక్కుపోయింది. పంపిన నకలు కన్నా డిగ్రీన్నర ఎక్కువే ఉంది ఆ వేసవి. అన్నకు చెబితే, "అది కాల్చెయ్‌రా. ఒక్కటి దొంగదని తేలితే నాన్న పుస్తకాలు కూడా చిత్తుకాగితాల్లో కలిపేస్తారు" అన్నాడు. అన్న మాటలో నిజం లేకపోలేదు. ఇరవై ఎనిమిదేళ్లు జ్వరమొచ్చినా మానని మనిషి పేరు నా ఎకసెక్కం వల్ల పోతుందేమోనని రెండు వారాలుగా తిండి సయించడం లేదు. కానీ ఆఫీసు నకలునూ నాన్న మొదటి పుస్తకాన్నీ పక్కపక్కన పెడితే దొంగ ఎవరో చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. నాన్న కాదు.

కాబట్టి నా తదనంతరం ఈ యాభై ఐదు పుస్తకాలూ నా చెల్లెలికి చెందవలసినవి. ఆమె వాటిని విచారణలో దాఖలు చేసుకోవచ్చును.

6. సవరణ. పై అంశం దాకా చదివి మందుల షాపాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "విచారణ సోమవారం. నువ్వు సోమవారం లోపల పోతావట్రా?" అన్నాడు.

పోను. అంత సహకరించే ఒళ్లు కాదు నాది. డాక్టరమ్మ ఇంకో ఏడాది అంటోంది. ఆ ఏడాదిలో ఒక వేసవి ఉంది, ఆ రేకుల కింద అరవై మంది ఉన్నారు.

అందుచేత ఐదో అంశంలో "నా తదనంతరం" అన్న మాట కొట్టివేయడమైనది. పుస్తకాలు సోమవారం ఉదయం ఆటోలో నాతోపాటు వస్తాయి. మెట్లెక్కడానికి మందుల షాపాయన చెయ్యి పట్టుకోవాలి. ఉద్యోగం తీసేస్తే తీసేస్తారు. నా భార్యతో చెప్పాను, "ఇక ఆదివారాలు పడుకోవచ్చు" అంది. ఎందుకు చేశావని అధికారి అడిగితే పై ఆఫీసరు రాసిన ఉత్తరం చూపిస్తాను. చెల్లెలు ముందు బెంచీలో కూర్చుని ఉంటుంది. ఆమె మొహం చూస్తూ చెప్పాలి. ఆ పని మాత్రం ఎవరి పేరా రాసివ్వడానికి వీల్లేదు.

తేదీ: ఏప్రిల్ నాలుగు, శుక్రవారం. నిన్నటి గరిష్ఠం నలభై ఒకటి పాయింటు రెండు. నేనే చూశాను.

సంతకం: పాదరసం

సాక్షులు:
1. లెక్కల మాస్టారు (చదివి, రెండుచోట్ల తప్పులు దిద్ది, సంతకం చేశారు)
2. రిటైరైన పోస్ట్‌మాన్ (అప్పటి నకళ్లన్నీ పై ఆఫీసుకు మోసుకెళ్లినవాడు, తెలియక)