నాలుగింటికి వచ్చే ఆవిడ కోసం కాఫీ

అన్నయ్యా, నాలుగింటికి కాఫీ కొట్టు నడిపే ఆవిడ మనింటికి వస్తుంది. నేను వేయించిన గింజలు నచ్చితే నన్ను పనిలో పెట్టుకుంటుంది. కుట్టుపని దగ్గర ఈ పూట సెలవు కుదరదన్నారు. కాఫీ కలపాల్సింది నువ్వే.

గింజలు నీలం డబ్బాలో ఉన్నాయి. అన్నీ ఒకే తోటవి, మూడు కొట్లు తిరిగి కొన్నాను. మిరియాలు కొట్టిన మిక్సీ జారులో మాత్రం వెయ్యకు. పోయినసారి అలాగే వేసి, "ఘాటు అదిరిందే!" అని నువ్వే మెచ్చుకున్నావు. ఆవిడ వచ్చాకే చేతిమరలో రవ్వలా పట్టు. నీళ్లు మరిగాక దించి, కాసేపు ఆగి, వడపోత కాగితంలో వేసిన పొడి మీద సన్నధారగా పొయ్యి. ఒక్కసారే గుమ్మరించకు.

"ఏ తోటదైతే ఏంటి, కాఫీ కాఫీయేగా" అని ఆవిడ ముందు అనకు, నీకు దణ్ణం పెడతాను.

డబ్బా మూత సరిగా పడిందో లేదోనని గుమ్మం దాకా వెళ్లి మూడుసార్లు వెనక్కొచ్చాను. బస్సు పోయే ఉంటుంది.

అన్నట్టు, ఆవిడ కప్పులో ఏమైనా మిగిలితే పారబొయ్యకు, మూతపెట్టి ఉంచు. నేనొచ్చి తాగి చూస్తే తప్పు నా వేపుడుదో, నీ చేతిదో తెలిసిపోతుంది. నాదైతే నీకు చెప్తాను. నీదైతే చెప్పను.