కరెంటు ఫారం మీద నీ సంతకం

చిరంజీవి మా ఇంటి నర్సమ్మకి తాతయ్య దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ మీ అమ్మమ్మా, గోడ మీద బల్లీ. నువ్వూ క్షేమమని తలుస్తున్నాను.

ముందు కవర్లో ఉన్న ఫారం తియ్యి. పెన్సిలుతో గీత పెట్టిన చోట సంతకం పెట్టి, మళ్ళీ నా పేరునే పోస్టులో వేసొచ్చి, తర్వాత తీరిగ్గా చదువు. ఇరవయ్యో తారీకు లోపల అది మున్సిపాలిటీ ఆఫీసులో ఉండాలి. లేకపోతే మన కరెంటు పీకేస్తారు.

వేసొచ్చావా? సరే.

మాస్కు పెట్టుకుంటున్నావా తాతా అని అడిగావు. పెడుతున్నానే తల్లీ. గడ్డం గీసుకునే పని తప్పింది. అమ్మమ్మ మందులు వేసుకుంటోందా అన్నావు. వేసుకుంటోంది. ఆయాసానికి పొద్దునా సాయంత్రం ఆ పొగ మిషను పెట్టుకుంటుంది చూడు, ఆ పది నిమిషాలే నన్ను తిట్టదు. కరెంటోళ్ళు నాకిచ్చిన వరం అనుకునేవాణ్ణి. ఈ మధ్య మిషను తీశాక కూడా తిట్టడం లేదు. నాలుగు మాటలకే ఎగశ్వాస వస్తోంది. నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. వీధిలో నిచ్చెన పట్టుకుని ఎవడు కనబడ్డా మన తీగ కొయ్యడానికే వచ్చాడనిపిస్తోంది. మొన్న ఒకడి వెనకాల వీధి చివరిదాకా పోయాను. తీరా చూస్తే వాడు సున్నాలు వేసేవాడు!

అసలు సంగతేంటంటే, ఈ జబ్బు రోజుల్లో పని పోయినవాళ్ళున్న ఇళ్ళ కరెంటు బాకీలు మున్సిపాలిటీ వాళ్ళే కడుతున్నారు. మీటరు ఎవరి పేరున ఉంటే వాళ్ళు సంతకం పెట్టాలి. ఉద్యోగం రాగానే ముచ్చటపడి మీటరు నీ పేరుకి మార్పించావు కదా, అక్కడొచ్చింది తంటా. నువ్వేమో అక్కడ, ఫారమేమో ఇక్కడ. సరేలే, మనవరాలి సంతకమేగా అని నేనే పెట్టేశాను.

కౌంటర్లో అద్దం వెనకాల ఒకావిడ. కాగితం అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"తాతా, ఈ సంతకం ఎవరిది?"

"నా మనవరాలిదమ్మా. ఇందాకే పెట్టి డ్యూటీకెళ్ళింది."

"తన పేరు ముందు తనే 'చిరంజీవి' అని రాసుకుందా?"

చచ్చాననుకో. నీకు ఉత్తరం రాసీ రాసీ, నీ పేరు రాయబోతే చెయ్యి దానంతటదే ముందు ఆ మాట పెట్టేస్తుంది. నేనేం చెయ్యను? వరసలో జనం ఆరేసి అడుగుల దూరంలో నిలబడ్డారు గానీ, నవ్వడం మాత్రం ఒక్కటిగా నవ్వారు. ఆవిడా నవ్వింది. ఆ ఫారం చింపేసి కొత్తది ఇచ్చింది. "పోస్టులో తెప్పించు తాతా. ఈసారి దీవెనలు లేకుండా," అంది.

ఇంత బాకీ ఎలా పడిందని అడుగుతావు. ఫోన్లో చెబుదామంటే మీ అమ్మమ్మ పక్కనే ఉంటుంది, ఆవిడకీ తెలియదు. సినిమా హాలు వాళ్ళు సగం జీతం ఇస్తున్నారని చెప్పానా? అబద్ధం. హాలుకి తాళం పడ్డ రోజే నా సైకిల్ స్టాండుకీ పడింది. అయిదు నెలలుగా పైసా లేదు. రోజూ డ్యూటీ వేళకి బయల్దేరి, ఆ మూసిన గేటు ముందు కాసేపు కూర్చుని వస్తున్నాను. నువ్వు పంపేది మందులకీ సరుకులకీ సరిపోతోంది. కరెంటు బిల్లు కట్టానన్నది రెండో అబద్ధం.

ఎందుకు చెప్పలేదంటే, కరోనా వార్డులో రెండో డ్యూటీ చేస్తే డబ్బు ఎక్కువ ఇస్తారట, ఒప్పుకోనా తాతా అని మొన్న రాశావు. నేను నిజం చెప్పిన మరుక్షణం ఒప్పేసుకుంటావు. మొండిఘటానివి, అమ్మమ్మ పోలిక. అందుకే దొంగసంతకానికి తెగించాను. ఒప్పుకోకు. బాకీ మున్సిపాలిటీ చూసుకుంటుంది. దానికోసం నువ్వు ఆ వార్డు తలుపు లోపలికి రెండోసారి వెళ్ళక్కర్లేదు.

ఒకవేళ ఈపాటికే ఒప్పేసుకుని ఉంటే ఆ మాటే రాయి. నేను కంగారుపడతానని దాచకు. ఇంట్లో అబద్ధాలకి నేనొక్కణ్ణి చాలు.

ఇట్లు,
పోస్టుమాన్ కోసం గుమ్మంలో నిలబడ్డ
నీ తాతయ్య