ఎనిమిది కంప్యూటర్ల మీద ఒకే మాట

శంషాబాద్, 2009
శ్రావణ శనివారం, రాత్రి

గోదాములో డ్రైవర్ల ముందు తిట్టానని తమ్ముడు రమేష్ పది రోజులుగా నాతో మాట్లాడటం లేదు, నా చేతి అన్నం ముట్టడం లేదు. ఈరోజు పూజ చేసుకుని గోదాము ఆఫీసుకు వెళ్లి, నా కంప్యూటర్ నుంచి అతని కంప్యూటర్‌కు ఒక ముక్క పంపాను: "తమ్మీ, తప్పు నాదే. పులిహోర తెచ్చిన, తిందాం రా."

అతని పేరు ఉండాల్సిన చోట నక్షత్రం గుర్తు కొట్టానట; అది కొడితే అందరికీ వెళ్తుందట. ఆఫీసులోని ఎనిమిది కంప్యూటర్ల మీదా అదే మాట! డ్రైవర్లు కూడా తొంగిచూసి చదివారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

రమేష్ నవ్వుతూ వచ్చాడు. "తిట్టుడు అందరి ముందే, బతిమాలుడు గూడ అందరి ముందేనా అక్కా? ఇగ డబ్బా తియ్యి, ఆకలైతుంది."

ఇద్దరం కలిసి తిన్నాం.

నలుగురిలో తిట్టి, చాటుగా తప్పు ఒప్పుకోబోయాను. స్వామీ, నువ్వు ఒప్పుకోలేదు.