రైస్ కుక్కర్ ఇవ్వను

అంజవ్వక్కా,

నేను సెలవు మీద ఊరికి పోతున్నానని తెలిసి, నా రైస్ కుక్కర్ నీకు ఇచ్చి పొమ్మని కూరగాయల వ్యాను నడిపే రత్నాకర్‌తో కబురు పంపావు. నీ ఫోన్ నువ్వు పనిచేసే ఇంటి మేడం దగ్గరే ఉంటుంది కాబట్టి, అతని చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను. కోపం తెచ్చుకోకు, కుక్కర్ ఇవ్వను.

మనం ఈ గల్ఫ్‌లోనే కల్బా పట్నంలో ఒకే ఇంట్లో పనిచేసినప్పుడు, ఊరికి పోయే ప్రతి ఆడమనిషీ గిన్నెలు, దుప్పట్లు పంచేసి పోయేది. మళ్ళీ పిలుస్తారో లేదో ఎవరికి తెలుసు? నేనూ పంచాను. తిరిగొచ్చాక కొత్త ఇంట్లో మళ్ళీ మొదటి నుంచి గచ్చు తుడవడమే.

ఇక్కడ ఉమ్ అల్ క్వైన్‌లో నేను పనిచేసే లాండ్రీలో కూడా, అలవాటు కొద్దీ నా దుప్పటి పక్కమంచం ఆమెకు ఇస్తుంటే మా సూపర్‌వైజర్ నవత చూసింది. "ఎందుకే పంచుతున్నవ్? నీ మంచం నీదే. పోయి రా. వచ్చినంక ఇస్త్రీ సెక్షన్ నువ్వే చూసుకోవాలె" అంది. తిరుగు టికెట్ కూడా కంపెనీయే ఇచ్చింది. నేను ఉంటానని నమ్మారు కాబట్టే డ్యూటీలోనే మిషన్లన్నీ నేర్పారు. పంపేస్తారేమోనన్న భయం లేకపోతే బుర్ర ఎంత బాగా పనిచేస్తుందో అక్కా!

ఇస్త్రీకి ఇంకో మనిషి కావాలని నవత అంటే నీ పేరు చెప్పాను. రంజాన్‌కు అక్కడ నీ కాంట్రాక్ట్ ఖలాస్ కదా, వచ్చేయ్. ఆ కుక్కర్‌లోనే ఇద్దరికీ అన్నం వండుతాను.

నీ గిన్నెలు మాత్రం ఎవరికీ పంచకు. మూటగట్టుకుని తెచ్చుకో.

నీ చెల్లె