తలుపు తట్టి లోపలికెళ్ళు

హిమా,

రాగానే ముందు అన్నం తిను. చిక్కుడుకాయ కూర ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకో. నీ ఫోన్ ఆపేసి ఉందని చీటీ రాస్తున్నాను. కింద ఆఫీసు క్యాబ్ హారన్ కొడుతోంది.

నీ గదిలోకి వెళ్ళేముందు ఒకసారి తలుపు తట్టు. నవ్వకు.

పీహెచ్‌డీ సీటు రాలేదన్న మెయిల్ చూసి, నాతో ఒక్క మాటైనా చెప్పకుండా కూకట్‌పల్లిలో నీ ఫ్రెండ్ ఇంటికి వెళ్ళిపోయావు. ఆ సాయంత్రం నుంచి నీ గదిలో నీ గొంతు వినిపిస్తోంది. ఇంటర్వ్యూ కోసం నువ్వు నా ముందు వల్లెవేసిన జవాబులే. రికార్డింగ్ అనుకుందామంటే ల్యాప్‌టాప్ నీ దగ్గరే ఉంది కదా, పక్క ఫ్లాట్‌లో ఎవరో అనుకున్నాను. కానీ నువ్వు ఎప్పుడూ తడబడే చోట ఆ గొంతు తడబడటం లేదు.

పొద్దున తలుపు తీసి చూస్తే ఎవరూ లేరు. మళ్ళీ మూయగానే లోపలి నుంచి ఆ గొంతే "అక్కా, నాకు సీటొచ్చిందే!" అంది. అలవాటు కొద్దీ రెండు కప్పుల టీ పెట్టేశాను. నీ కప్పు మాత్రం దానికివ్వలేదు.

అక్క

ఇంకో మాట. నువ్వు తట్టినప్పుడు లోపలి నుంచి "ఎవరూ?" అని అడిగితే, సీటు రానిదాన్నని చెప్పకు. నా పేరు చెప్పి, ఆమని చెల్లెలినని చెప్పు. దాని అక్కను నేను కానని పొద్దున్నే చెప్పేశాను.